పెళ్ళికొడుకు పళ్ళు చూసిన మా బావ

మా బావ కోదండరామి గురించి చెప్పాలంటే ముందు ఆయన కుడిచేతి బొటనవేలి గురించి చెప్పాలి. ఎద్దు మూతి పక్కన, పళ్ళు లేని సందులో ఆ వేలు పెట్టాడంటే ఎంత పొగరుబోతు ఎద్దయినా నోరు తెరవాల్సిందే. కింది పెదవి వంచి ఒక్క చూపు చూస్తాడు. వదిలేస్తాడు. పంచెకు చెయ్యి తుడుచుకుంటూ, "నాలుగు పండ్లు. వచ్చే ముంగారు వానలకు ఆరవుతాయి" అంటాడు. బళ్ళారి వైపు మా సిరుగుప్ప తాలూకా పశువుల సంతలో ఆ మాట మీద ఇంక మాట లేదు.

తెలియనివారికి చెబుతాను. ఎద్దుకు ముందుపళ్ళు కింది దవడకే ఉంటాయి. పాలపళ్ళు ఊడి రెండేసి చొప్పున కొత్తవి వస్తాయి. ఎనిమిదీ వచ్చేస్తే కడపళ్ళు వేసిందంటారు. అంతవరకు లెక్క ఎవరైనా చెప్పగలరు. ఆ తర్వాత కొత్త పళ్ళు రావు, ఉన్నవి అరుగుతాయి. ఎంత అరిగాయో చూసి వయసు చెప్పడం అందరి వల్లా కాదు. కొమ్ముల మీది వలయాలు గాజుపెంకుతో గీకి, నూనె రాసి, ముసలి ఎద్దును కోడెగా నిలబెట్టే బేరగాళ్ళు మా సంతలో తక్కువేమీ కాదు. అటువంటివాళ్ళు మా బావ వస్తున్నాడంటే ఎద్దును బండి చాటుకు తోలుకుపోయేవారు. కంట్లో పొర వచ్చిన ఏడు ఆయన చూపుడువేలితో పళ్ళు తడిమి వయసు చెప్పాడు. ఆ ఏడు కూడా ఆయన మాట తప్పలేదు.

నేను సామాన్యుణ్ణి కాను. మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. మా ఊరికి మధ్యాహ్నం బస్సు వేయించింది నేను. కాలువ చివరి మళ్ళకు నీళ్ళు అందడం లేదంటే నమ్మని ఇంజనీరును జీపు దింపి, బూట్లు విప్పించి, గట్టు మీద నడిపించింది నేను. నా చేతి మీదుగా కుదిరిన పెళ్ళిళ్ళు ఇటు బళ్ళారి, సండూరు దాకా, అటు ఆలూరు, ఆదోని దాకా ఉన్నాయి. ఒక్క సంబంధం చెడలేదు. అటువంటి నేను కూడా ఆ సంతలో మా బావ పక్కన చేతులు కట్టుకొని నిలబడేవాణ్ణి. అదీ ఆయన అంతస్తు.

ఒక్కటే లోపం, మనిషికి నిలకడ లేదు. బస్సు ఆగకముందే దిగుతాడు. టీ సగం తాగి లేస్తాడు. మడిలో నీళ్ళు పారుతున్నాయని తెలిసీ మళ్ళీ చూడటానికి పోతాడు. నోట్లో ఏమీ లేకపోయినా దవడ కదులుతూనే ఉంటుంది. ఆయన భార్య రామసుబ్బమ్మ మా అక్క. "నీ బావ కూర్చున్నా నెమరేస్తాడు, పండుకున్నా నెమరేస్తాడు" అని నవ్వేది. మేమూ నవ్వేవాళ్ళం. అందులో ఆలోచించాల్సింది ఉందని ఎవరికీ తోచలేదు.

మా బావ చిన్నకూతురు సౌందర్య సిరుగుప్పలో ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. పెళ్ళిమాట ఎత్తితే తప్పించుకునే పిల్ల. ఆ పిల్లకు సండూరు పక్కనున్న యశ్వంతనగర్ నుంచి జీవన్ సంబంధం తెచ్చింది నేనే. అక్కడికి దగ్గరే తారానగర్‌లో పుట్టినవాడు. మనవాళ్ళే, తాతల కాలంలో అటు పోయి స్థిరపడ్డారు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. లారీ క్లీనరుగా చేరి, డ్రైవరై, ఇప్పుడు సొంతానికి రెండు టిప్పర్లు పెట్టుకున్నాడు. ఒకటి ఇంకా తనే తోలుతాడు. గనుల మీది నుంచి ఇనుపరాయి కిందికి దించడం అతని పని. ఫోను నంబర్లు ఇప్పించి ఇద్దరినీ మాట్లాడుకోనిచ్చాను. కొన్నాళ్ళకు సౌందర్యే వచ్చి చెప్పింది.

"మామా, ఈ మనిషి ముందు ఇంటాడు. ఆనెంక జవాబు చెప్తాడు. నాకు ఒప్పే."

సరేనని వాళ్ళను ఇంటికి పిలిచాం. జీవన్, వాళ్ళమ్మ, ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. మా అక్క బొరుగులతో ఒగ్గాని, మిరపకాయ బజ్జీలు చేసింది. అంతా బాగానే జరుగుతోంది. నేను వాళ్ళ పెద్దలకు మధ్యాహ్నం బస్సు సంగతి చెబుతూ ఉన్నాను. చూస్తే, ఎదురుగా కూర్చున్న మా బావ లేచి వెళ్ళి జీవన్ పక్కన కూర్చున్నాడు. ఆ పిల్లవాడు బజ్జీ కొరికేటప్పుడు మెడ వంచి చూస్తున్నాడు. తర్వాత సంతలో జరిగిన ఏదో నవ్వులాట చెప్పాడు. జీవన్ నోరారా నవ్వాడు. మా బావ ముఖం మారిపోయింది. గీకిన కొమ్ము కనిపించినప్పుడు ఆ ముఖం అట్లాగే మారుతుంది. నేను చెబుతున్న బస్సు సంగతి సగంలో ఆపేశాను.

వాళ్ళు బండెక్కి పోయాక అడిగాడు.

"పంపారెడ్డీ, ఆ పిలగాని వయసు ఎంతన్నావు?"

"ముప్పై ఒకటి బావా."

"నలభై రెండు. నలభై ఒకటికి కిందికి రాదు, నలభై మూడుకు పైకి పోదు."

"మార్కుల కార్డు చూపించినారు గదా."

"అందులో యే తేదీ ఉండాది?"

"జూన్ ఒకటి."

మా బావ తలుపు చెక్కకు ఆనుకొని నవ్వాడు. ఆ నవ్వుకు అర్థం ఉంది. మా ప్రాంతంలో బడిలో చేర్చేటప్పుడు పుట్టిన తేదీ ఎవరికీ గుర్తుండేది కాదు. మేష్టరు ఆ పిల్లవాడిని ఎగాదిగా చూసి, బడి తెరిచే రోజే పుట్టినరోజని రాసేసేవాడు. నేను పుట్టింది జూన్ ఒకటి. మా బావా జూన్ ఒకటే. మా అక్క బడికే పోలేదు, ఆధార్ కార్డులో ఆమెది జనవరి ఒకటి. కనుక ఆ కార్డుతో నేను మా బావను గెలవలేకపోయాను.

"పైపండ్లు, కిందిపండ్లు కోసి పెట్టినట్ల సమంగా ఉండాయి. కోరపండ్లకు మొన లేదు. ముప్పై ఏండ్లకు మొన పోతాదా? తండ్రి లేని పిల్లోడు, బడికి ఆలిశంగా చేర్చింటారు. మేష్టరు తగ్గించి రాసింటాడు. వీళ్ళకు అది కలిసొచ్చింది" అన్నాడు మా బావ.

సౌందర్య గడపలో నిలబడి అంతా వింది.

"నాయనా, నువ్వు అల్లుణ్ణి చూసినావా, ఎద్దును చూసినావా?"

"ఎద్దయితే బాగలేకుంటే యెనక్కి తోలుకొని పోతారు. మనిషిని యాడికి తోలేది?"

"నలభై రెండయినా నాకు బాధ లేదు. నాతో ముప్పై ఒకటని చెప్పినాడు. అది అబద్ధమైతే నాకు బాధ. ఆయన అబద్ధమాడినాడని రుజువు చెయ్యి, నేనే వద్దంటా. చెయ్యలేకపోతే నువ్వన్న మాట వాపసు తీసుకో."

"పండ్ల మీద నేను చెప్పిన మాట ఇంతవరకు వాపసు తీసుకోలేదమ్మా."

"అయితే తీసుకునేదాకా నేను ఇంకొకర్ని చూడను."

ఆ పిల్ల గొంతు పెంచలేదు. పుస్తకాల సంచి తీసుకొని లోపలికి పోయింది. తండ్రి మాట నిజమైతే పెళ్ళికొడుకు అబద్ధాలకోరు. కాకపోతే తండ్రి పేరు సంతలో పోతుంది. నేను తెచ్చిన సంబంధం ఆ రెంటి మధ్యా ఇరుక్కుంది.

మాట ఇంట్లోనే ఉండి ఉంటే సర్దేవాణ్ణి. ఎంత పెద్ద తగాదాలు సర్దలేదు నేను. కానీ మా బావ ఆ వారం సంతకు పోయి, గొర్రెల వ్యాపారి ఉచ్చెంగెప్పతో, "ఈ కాలంలో మనుసులు గూడా కొమ్ములు గీకుతాండారప్పా. నలభై రెండేండ్లోణ్ణి ముప్పై ఒకటని చూపిస్తాండారు" అన్నాడు. ఉచ్చెంగెప్ప నోట్లో పడింది ఊరంతా పండుతుంది. మరుసటి సంతకు పాలేర్లు, టీ అంగడివాళ్ళు కూడా అదే మాట. "కోదండరామన్న అల్లునికి కడపండ్లేసినాయంట." అక్కడి నుంచి లారీలెక్కి యశ్వంతనగర్ చేరింది. టిప్పర్లు నిలిపేచోట తోటి డ్రైవర్లు జీవన్ కింది పెదవి పట్టుకొని లాగారట. వాళ్ళమ్మ నాకు ఫోన్ చేసింది.

"అన్నా, నా కొడుకును సంతలో నిలబెట్టి పండ్లు చూసినారు గదన్నా."

నేను ఎమ్మెల్యేలకు ఎదురు మాట్లాడినవాణ్ణి. ఆమెకు మాత్రం తప్పు మాదేనమ్మా అని ఒప్పుకున్నాను.

ఆ తర్వాత మా బావ ఇంట్లో ఎవరికీ కుదురు లేదు. కాలువకు నీళ్ళు వచ్చాయి, నాట్లు పడుతున్నాయి. ఆయన మడి దగ్గరికి పోతాడు, గట్టు మీద రెండడుగులు వేసి ఇంటికొస్తాడు, మళ్ళీ పోతాడు. సౌందర్య కంచం పెడుతుంది, నీళ్ళు పెడుతుంది, మాట మాత్రం పెట్టదు. ఆయన ఆ పిల్లనే చూస్తూ దవడ బిగిస్తాడు. చెంప మీద, చెవి కింద కండ ఉండలా లేస్తుంది, తగ్గుతుంది. ఒకరోజు జొన్నరొట్టె ముక్క నోట్లో పెట్టుకొని నమలలేక చేతిలోకి తీసుకున్నాడు.

"తమ్ముడూ, మీ బావను బళ్ళారికి పిల్చుకొని పో. దవడ నొప్పి అంటాండాడు. ఆ పండ్ల కిరకిర ఇనలేక నేను వసారాలో పండుకుంటాండా" అంది మా అక్క.

బస్సులో కిటికీ పక్కన ఆయన, పక్కన నేను. దారి పొడుగునా వరిమళ్ళు. ఆయన చూడలేదు. ఇంజను చప్పుడు తగ్గినప్పుడల్లా నాకు మరో చప్పుడు వినిపించింది. ఎండిన చక్రం ఇరుసు మీద తిరిగితే వస్తుందే, అట్లాంటి చప్పుడు. ఎక్కడిదా అని చూస్తే మా బావ నోట్లోది.

"బావా, పండ్లు కొరుకుతాండావు."

"నేనా? లేదే."

ఆయనకు నిజంగా తెలియదు.

దంతవైద్యురాలి పేరు అనుపమ. చిన్న వయసు. కుర్చీ వెనక్కి వాల్చి, దీపం దించి, "అజ్జా, నోరు తెరువు" అంది. మా వైపు తాతను అట్లాగే పిలుస్తారు. మా బావ తెరిచాడు. ఆమె బొటనవేలితో ఆయన కింది పెదవి వంచింది. జన్మంతా ఎన్ని వందల పెదవులు వంచాడో, ఆయనది ఎవరూ వంచలేదు. కాళ్ళు బిగదీసుకున్నాడు.

"వయసెంత అజ్జా?"

"నువ్వే చూసి చెప్పమ్మా" అన్నాడు, మూతి తుడుచుకొని. పరీక్ష పెట్టాలని ఆయన ఆశ.

ఆమె నవ్వింది. "పండ్లు చూసి చెప్పమంటే తొంభై అంటా. ముఖం చూసి చెప్పమంటే అరవై అయిదు."

"అరవై ఆరు."

"చూసినావా, పండ్లతో లెక్క కుదరదు. నువ్వు తిన్నదాంతో అరిగినవి కావివి. పండ్ల మీద పండ్లు వేసి నూరుకున్నావు."

ఆయన నమ్మలేదు. రొట్టెలు తిన్న నోరు, చెరుకు నమిలిన నోరు, వయసైతే అరగదా అన్నాడు. ఆమె విసుక్కోలేదు. చేతికి అద్దం ఇచ్చింది. "కింది దవడ కొంచెం కుడిపక్కకు జరుపు. ఇంకా. ఆపు." అద్దంలో ఆయన చూశాడు, పక్కనుంచి నేనూ చూశాను. మామూలుగా నోరు మూస్తే ఆ పళ్ళు ఒకదానికొకటి ఎడంగా, వంకరగా కనిపించాయి. దవడ ఆ పక్కకు జరిపేసరికి పైపళ్ళ కోత మీద కిందిపళ్ళ కోత డబ్బాకు మూత పడినట్టు సరిగ్గా కూర్చుంది. వెలుగులో రెండు కోతలూ తళతళ మెరిశాయి.

"తిండితో అరిగితే మధ్యలో గుంటపడతాది, ఒకదానికొకటి ఇట్ల అతకవు. ఇట్ల జతగా అరిగిందంటే ఒకదాన్నొకటి తిన్నట్టు. నిద్రలో చేస్తారు, పగలు ఏదైనా మనసులో పెట్టుకొని చేస్తారు. చేస్తున్నట్టు వాళ్ళకే తెలీదు."

మా బావ అద్దం దించలేదు. "ఇంత అరగడానికి ఎన్నేండ్లు పడతాదమ్మా?"

"దానికి ఏండ్ల లెక్క లేదజ్జా. ఎంత గట్టిగా నూరితే అంత తొందరగా. మొన్న ఒక పిల్లోడొచ్చినాడు, పరీక్షలకు చదువుకుంటాండాడు. ఇరవై మూడేండ్లు. కోరపండ్లకు మొనలే లేవు."

ఆ మాటకు మా బావ అద్దం ఒళ్ళో పెట్టుకున్నాడు. తలెత్తి అడిగాడు.

"టిప్పరు తోలేవాళ్ళకో?"

"బిగబట్టుకొని తోలితే ఎవరికైనా అంతే."

నిద్రలో పెట్టుకోవడానికి తొడుగు చేయిస్తానని ఆమె ఆయన పళ్ళ అచ్చు తీసుకుంది. పగటికి ఒక మాట చెప్పింది. పెదవులు కలవచ్చు, తినేటప్పుడు తప్ప పళ్ళు కలవకూడదు. నాలుక మధ్యలో ఉంచుకో అంది. మా బావ బడిపిల్లవాడిలా తలాడించాడు.

బస్టాండులో సిరుగుప్ప బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. నేను సీటుకు తువ్వాలు వేశాను. వెనక్కి చూస్తే మా బావ లేడు. అవతల సండూరు బస్సు మెట్టు మీద నిలబడి ఉన్నాడు.

"యాడికి బావా?"

"నువ్వు తెచ్చిన సంబంధమే గదా. రా."

యశ్వంతనగర్‌లో దిగేసరికి మా తెల్ల పంచెలు ఎర్రబడటం మొదలైంది. ఆ నేల అంతే. చెట్ల ఆకులు, ఇళ్ళ గోడలు, కుక్కల వీపులు, అన్నిటి మీదా ఇనుపరాతి ఎరుపే. టిప్పర్లు నిలిపిన చోట జీవన్ చక్రం కింద చెయ్యి పెట్టి ఏదో చూస్తున్నాడు. మమ్మల్ని చూసి లేచాడు. చుట్టూ ఉన్న డ్రైవర్లు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. సిద్ధు అనేవాడు, "జీవన్, సంతె ఈడికే వచ్చినట్లుండాది" అన్నాడు. జీవన్ నవ్వాడు. మా ఇంట్లో నోరారా నవ్విన పిల్లవాడు పెదవులు మూసుకొని నవ్వడం నేర్చుకున్నాడు.

"రాండి మామా, టీ తాగుదురు" అన్నాడు.

"టీ ఆనెంక. లోడుకు పోతాండావా? మమ్మల్ని గూడా ఎక్కించుకో" అన్నాడు మా బావ.

జీవన్ తలుపు తెరిచాడు. పోయేటప్పుడు ఖాళీ బండి, ఏమీ అనిపించలేదు. రాయి నింపుకొని దిగేటప్పుడు నాకు ప్రాణం అరచేతిలోకి వచ్చింది. ఒకపక్క కొండ, ఇంకొకపక్క ఏమీ లేదు. ఎదురుగా ఖాళీ టిప్పర్లు దుమ్ములోంచి ఒక్కసారిగా బయటికొస్తున్నాయి. వెనక నుంచి బరువు తోస్తూ ఉంది. మా బావ రోడ్డు చూడలేదు. జీవన్ చెంపనే చూస్తున్నాడు. ప్రతి మలుపుకూ అతని చెవి కింద కండ ఉండలా లేచింది. మలుపు తిరిగాక తగ్గింది. మళ్ళీ మలుపు. మళ్ళీ ఉండ. నేను మా బావను చూస్తే, ఆయన చెంప మీద కూడా అదే ఉండ, అదే తాళంలో.

కింద చదునులో బండి ఆగింది. మా బావ అడిగాడు.

"పొద్దున లేస్తే దవడ నొస్తాదా నీకు?"

"నొస్తాది మామా. వేన్నీళ్ళ కాపడం పెట్టుకుంటా. నిద్రలో పండ్లు కొరుకుతానంట, అమ్మ చెప్తాది."

"యెప్పటి నుంచి?"

"బండి పట్టినప్పటి నుంచి. పద్దెనిమిదేండ్లకు."

మా బావ బొటనవేలు చాపలేదు. "నోరు తెరుస్తావా నాయనా?" అని అడిగాడు. అట్లా అడగడం నేను ఎన్నడూ వినలేదు. జీవన్ స్టీరింగు మీది చేతులు తీసి, ఆయన వైపు తిరిగి తెరిచాడు. దవడ పక్కకు జరపమన్నాడు. జరిపాడు. కోత మీద కోత కూర్చుంది. ఆ పళ్ళు తళతళ మెరిశాయి.

"సాకు, ఇంక చాలు, మూసుకో" అన్నాడు మా బావ.

"ఇప్పుడెన్నేండ్లు మామా?"

"తెలీదు."

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి పళ్ళ విషయంలో మా బావ నోట ఆ మాట వినడం అదే మొదలు. ఆయనే మళ్ళీ అన్నాడు. "మనిసి పండ్లు చూస్తే తెలీదంట. నువ్వే చెప్పు."

"ముప్పై ఒకటి. మా యమ్మ లెక్క. కార్డులో తేదీ మాత్రం మేష్టరుదే."

"సరే."

"నీకు సరే మామా. నాకు చాలదు. సౌందర్య నమ్మింది, ఆయమ్మకు నేను రుజువు చెయ్యాల్సిన పని లేదు. ఈడ వీళ్ళు రోజూ నా పెదవి పట్టుకొని లాగుతాండారు. సంతెలో అన్న మాట సంతెలోనే తియ్యాల. తీస్తే వస్తా, తియ్యకుంటే రాను."

కోపంగా చెప్పలేదు. ఇంజను ఆపి, తాళం చేతిలోకి తీసుకొని, మెల్లగా చెప్పాడు. ముందు విని ఆనెంక జవాబిచ్చే మనిషని మా సౌందర్య ఊరికే అనలేదు.

తిరుగుదారిలో మా బావ ఒక్కచోట కూర్చోలేదు. బస్సులో సీటు మారాడు. కండక్టరు పక్కన నిలబడ్డాడు. మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

"పంపారెడ్డీ, ఒక్కసారి నోరు జారితే అయిపోయినట్లే. రేపు యే ఎద్దు నోట్లో యేలు పెట్టినా, ఈయప్ప మనిసికే తప్పు చెప్పినాడు అంటారు."

"సుమ్నే నోరు మూసుకొని ఉంటే పిల్ల ఇంట్లోనే ఉంటాది బావా."

"అదీ తెలుసు."

"ఇంట్లో నలుగురిని పిలిచి చెప్పుదాం. నేను మాట్లాడతా. నేను సర్దితే తిరుగుండదు."

"నువ్వు సర్దొద్దు" అన్నాడు. మళ్ళీ లేచాడు.

ఆ వారం సంత నిండుగా ఉంది. నాట్లకు ఎద్దులు కావలసినవాళ్ళు, మేతకు చాలక అమ్ముకునేవాళ్ళు, ఊరికే చూసేవాళ్ళు. ఎంత ట్రాక్టర్లు వచ్చినా బురదమడిలో ఎద్దు ఎద్దే. ఒక జత కోసం తిరుగుతున్న యల్లప్ప మా బావను చూసి పిలిచాడు. ఊరూరా తిరిగి అరక దున్నేవాడు, జత ఉంటేనే అతనికి పని. మా బావ వస్తుంటే గొర్రెల గుంపులోంచి ఉచ్చెంగెప్ప అందుకున్నాడు.

"కోదండరామన్నా, ఈ పొద్దు ఎద్దుకు చూస్తావా, అల్లునికి చూస్తావా?"

అందరూ నవ్వారు. మా బావ నీళ్ళ తొట్టి అంచు మీద కూర్చున్నాడు. తువ్వాలు తీసి మోకాలి మీద వేసుకున్నాడు.

"ఉచ్చెంగెప్పా, ఇట్ల రా. నా పండ్లు చూసి నా వయసు చెప్పు."

నవ్వులు ఆగాయి. ఉచ్చెంగెప్ప దిక్కులు చూశాడు. మా బావ నోరు తెరిచి తల వెనక్కి వంచాడు. మొదట ఉచ్చెంగెప్ప వంగి చూశాడు, తర్వాత యల్లప్ప, తర్వాత ఇంకా ఇద్దరు ముగ్గురు. ఒకడు బొటనవేలితో పెదవి వంచాడు కూడా. నా రక్తం ఉడికిపోయింది. మా బావ కదలలేదు.

"ఎనభై దాటింటాది" అన్నాడు ఉచ్చెంగెప్ప.

"ఎద్దు లెక్కనయితే కటికోనికే" అన్నాడు ఇంకొకడు.

మా బావ నోరు మూసుకున్నాడు. మూతి తుడుచుకున్నాడు. "నాకు అరవై ఆరు. మీరంతా తప్పు. ఎద్దు మేత మీద అరగదీస్తాది, ఆ లెక్క నాకు తెలుసు. మనిసి పండ్ల మీద పండ్లు వేసి అరగదీస్తాడు, ఆ లెక్క నాకు రాదు. రాని లెక్క చెప్పినా. యశ్వంతనగర్ జీవన్‌కు నలభై రెండని ఈడ అన్నా. ఆ మాట ఈడనే వాపసు తీసుకుంటాండా. ఉచ్చెంగెప్పా, అది మోసుకొని పోయినావు, ఇదీ మోసుకొని పో."

ఉచ్చెంగెప్ప గొర్రెల వైపు తిరిగి చేతికర్రతో అనవసరంగా ఒకదాన్ని తట్టాడు.

యల్లప్ప గొంతు సవరించుకున్నాడు. "సరే గానీ అన్నా, నేను బేరమాడిన ఈ జత సంగతేంది?"

మా బావ లేచాడు. ఎడమ ఎద్దు మూతి పక్కన బొటనవేలు పెట్టాడు. పెదవి వంచాడు. వదిలేశాడు. "ఆరు పండ్లు. నాలుగేండ్ల పైన." కుడిదానికీ చూశాడు. "ఇదీ ఆరే. జత బాగుండాది, తీసుకో."

యల్లప్ప తలాడించాడు. తర్వాత, కొంచెం మొహమాటంగా, తనే ఎద్దు నోరు తెరిచి ఒకసారి చూసుకున్నాడు. ఆ సంతలో మా బావ చెప్పాక ఇంకొకడు నోరు తెరిచి చూడటం నేను అంతకుముందు ఎరగను. మా బావ చూశాడు. దవడ బిగిసింది, మళ్ళీ తనే వదులు చేసుకున్నాడు. యల్లప్పకు కనబడిందీ ఆరు పళ్ళే.

ఇంటికి పోయేసరికి ఆ మాట మాకంటే ముందే చేరిపోయింది. సౌందర్య బడి నుంచి వచ్చి, సంచి కూడా దించకుండా తండ్రి ఎదురుగా నిలబడి ఉంది.

"నోరు తెరిచి చూపించినావంట గదా, నాయనా."

"చూపించినా."

ఆ పిల్ల లోపలికి పోయి జొన్నరొట్టె పాలలో నానబెట్టి తెచ్చింది. పక్కనే కూర్చుంది.

పెళ్ళి మా ఊళ్ళోనే చేశాం. ఇది కూడా నా చేతి మీదుగా జరిగిందే, నా లెక్కలో ఇంకా ఒక్కటీ చెడలేదు. ముహూర్తం పొద్దున్నే. పందిట్లో అందరూ వచ్చారు, పెళ్ళికొడుకు రాలేదు. ఎక్కడో దారిలో రాతి లారీల వరస ఆగిపోయిందట, దాని వెనక వాళ్ళ బండి. ఫోన్ చేస్తే కలవడం లేదు. మా బావ రోడ్డు దాకా పోతాడు, పందిట్లోకి వస్తాడు, మళ్ళీ రోడ్డు దాకా. కొత్త పంచె అంచు అప్పుడే దుమ్ముపట్టింది. చెవి కింద ఉండ లేస్తోంది, తగ్గుతోంది. పూలజడతో గడపలో నిలబడ్డ సౌందర్య అక్కడి నుంచే చెప్పింది.

"నాయనా, పండ్లు."

ఆయన ఆగాడు. పెదవులు అట్లాగే ఉంచి, లోపల నాలుక మధ్యకు తెచ్చుకున్నాడు. ఇంకొక్క విడత రోడ్డు దాకా పోయి వచ్చాడు.

అంతలో బండి వచ్చింది. తోలింది వేరేవాడు, అయినా జీవన్ పక్క సీటులోంచి దిగేటప్పుడు దవడ రాయిలా బిగుసుకొని ఉంది. పరుగులాంటి నడకతో వచ్చి, మామ ఎదురుగా నిలబడి, ఆలస్యమైందని చెప్పబోయాడు.

"నీ పండ్లు గూడా వదులు నాయనా" అన్నాడు మా బావ.

జీవన్ ముందు అర్థం కానట్టు చూశాడు. తర్వాత నవ్వాడు, మొదటిరోజు మా ఇంట్లో నవ్వినట్టే, పళ్ళన్నీ కనబడేటట్టు. మా బావ ఈసారి మెడ వంచి చూడలేదు. ముహూర్తం దాటిపోతోందని అతని చెయ్యి పట్టుకొని పందిట్లోకి లాక్కుపోయాడు.